మైసమ్మ పళ్లెంలో ఎనిమిది బిళ్ళలు

పాఠక మహాశయులారా, ముందుగా సాష్టాంగపడి క్షమాపణ కోరుకుంటున్నాను. మూడు దేశాలు తిరిగొచ్చినవాడు ప్రయాణ అనుభవం రాస్తున్నాడంటే మీరు సిలోన్ సముద్రం, ఖాట్మండూ మంచుకొండలు, మధ్యలో కనీసం ఒక తాజ్ మహల్ ఆశిస్తారని నాకు తెలుసు. అవన్నీ చూశాను. వాటి గురించి నాకంటే బాగా రాసినవాళ్లున్నారు. వాళ్లలో కొందరు అక్కడికి వెళ్లకుండానే రాశారు. నేను మాత్రం ఇంత దూరం తిరిగి, చివరికి మా ఊళ్లో ఉన్న ఒక నల్లటి బొక్క గురించి రాయబోతున్నాను. ఈ ఘోరాపరాధానికి మీరు ఏ శిక్ష వేసినా తలవంచి స్వీకరిస్తాను. వెయ్యరని తెలుసు కాబట్టే ఇంత ధైర్యంగా అంటున్నాను.

అసలు ఈ ప్రయాణం ఎందుకు మొదలైందంటే, హైదరాబాదులో ఇంటర్వ్యూకి వచ్చేవాళ్లకు రానుపోను రైలు ఛార్జీ ఇస్తామన్నారు. విశ్వశాంతి, దేశాల మధ్య స్నేహం వగైరాలు నాకు ఆ తర్వాత గుర్తొచ్చాయి. కరీంనగర్‌లో బి.ఎస్సీ. పూర్తిచేసి, గోదావరిఖనిలో ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ, ఊరందరి సంభాషణల్లో పిలవకుండా పాల్గొంటున్న రోజులవి. అంతర్జాతీయ యువజన మార్పిడి అని పేపర్లో పడింది. సిలోన్, ఇండియా, నేపాల్, పోలండ్ నుంచి తలా ముగ్గురు కుర్రకారు కలిసి మూడు దేశాలు తిరగాలి. దారిలో కొందరు తమ ఊరు చూపించాలి. ఊరంటే గుడీ గోపురం కాదు, ఆ ఊరు ఏ పని చేసి బతుకుతుందో అది. “నువ్వేం చూపిస్తావు?” అని అడిగితే నాకంటే ముందు వెళ్లినవాళ్లంతా చార్మినార్ దాకా వెళ్లి ఆగారట. నేను “బొగ్గుబాయి” అన్నాను. బొగ్గుగనిని మా దగ్గర బాయి అంటారు. బోర్డులో ఉన్న పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నా పని అయిపోయిందనుకున్నాను. ఎంపికయ్యాను.

వచ్చే ఏడాది వెళ్లదలచినవాళ్ల కోసం దారి చెబుతాను. కొలంబోలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి తలైమన్నార్. అక్కడ ఓడ ఎక్కి సముద్రం దాటితే రామేశ్వరం; రెండు వైపులా కస్టమ్స్ వాళ్ల ముందు నిలబడే సమయం సముద్రం మీద గడిపే సమయం కంటే ఎక్కువ, కాబట్టి తినడానికి ఏదైనా దగ్గర పెట్టుకోండి. రామేశ్వరం నుంచి మద్రాసు, మద్రాసు నుంచి ఢిల్లీ వైపు వెళ్లే రైల్లో కాజీపేట, పెద్దపల్లి దాటాక రామగుండం. అక్కడ రెండు రోజులు మా ఊరు. తర్వాత ఢిల్లీ, రక్సౌల్, అక్కడి నుంచి కొండదారిలో బస్సు మీద ఖాట్మండూ. మన వాటా ఖర్చు పెద్దది కాదు, టైఫాయిడ్ సూదులు మాత్రం చాలా పెద్దవి.

ఈ కథకు కావలసిన ఇద్దరిని ఓడలోనే పరిచయం చేస్తాను. ఒకడు పదమ్, నేపాల్ కుర్రాడు. కొండ అంచున అంగుళం దారి ఉన్నా పరుగెత్తగలడు, కానీ మూసిన చోట ఊపిరాడదు. ఓడలో అందరం కింద గదిలో కూర్చుంటే వాడు మాత్రం పైన, ఎండలో, సముద్రం దాటేదాకా నిలబడే ఉన్నాడు. రెండవది ఇరేనా, పోలండ్ అమ్మాయి. సన్నగా పదమ్ అంతే ఉంటుంది, జుట్టు కూడా వాడిలాగే పొట్టిగా కత్తిరించుకుంది. వాళ్ల నాన్న అక్కడ బొగ్గుగనిలో పనిచేస్తాడు. రామేశ్వరంలో కస్టమ్స్ ఆఫీసరు ఆమె పెట్టె తెరిచి, కాగితంలో చుట్టిన నల్లటి ముక్క బయటికి తీశాడు.

“ఏమిటిది?”

“బొగ్గు,” అంది.

“ఇండియాకు బొగ్గు తెస్తున్నావా?”

“మా నాన్న పంపాడు. అక్కడి గనివాళ్లకు ఇచ్చి, అక్కడి ముక్క ఒకటి తీసుకురమ్మన్నాడు.”

ఆఫీసరు నా వైపు చూశాడు. బొగ్గుకు సుంకం ఎంతో తనకూ తెలియదని ఆ చూపులో ఉంది. నేను వెంటనే కలగజేసుకుని, మా ఊళ్లో మా బావ గనికి దాదాపు యజమాని అనీ, ఈ ముక్క చేరకపోతే రెండు దేశాల సంబంధాలు చెడతాయనీ ఉపన్యాసం ఇచ్చాను. దాంతో మమ్మల్ని ఇంకో గంట నిలబెట్టారు. నా నోటి గొప్పతనం మీకు ఇక్కడే అర్థమైతే ముందు కథ సులువుగా సాగుతుంది.

బావ యజమాని కాదు. మా అక్క భర్త కనకయ్య బావ అప్పటికి కొత్తగా సర్దార్ అయ్యాడు. అంటే లోపల తన కింద పనిచేసేవాళ్లకు బాధ్యుడు. ఎందరు దిగారు, ఎందరు ఎక్కారు అన్న లెక్క ఆయనది. ఏళ్ల తరబడి తట్టా పారా పట్టి, పరీక్ష రాసి, రెండుసార్లు తప్పి, మూడోసారి సంపాదించిన పని అది. మా విదేశీ బృందాన్ని గని చూపించే బాధ్యత ఆయనకు అప్పగించారు. రామగుండం స్టేషన్లో డ్రైవర్ ఖాజా భాయ్ బస్సుతో సహా వచ్చి మమ్మల్ని దింపుకున్నాడు. అద్దె బస్సు కాబట్టి మాకు టికెట్ లేదు. మామూలు బస్సయితే కొద్ది పైసలు, అరగంట దారి. ఆడపిల్లలు నలుగురినీ కాలనీలో మా క్వార్టర్‌లోనూ పక్కింట్లోనూ ఉంచాం, మొగపిల్లలను గెస్ట్‌హౌస్‌లో.

మర్నాడు పొద్దున్నే, టిఫిన్ దగ్గరే, గొడవ మొదలైంది. మేనేజరు మొగపిల్లలకే అనుమతిచ్చారు. ఆడవాళ్లు గనిలో దిగకూడదని చట్టం. నేను ఆ చట్టాన్ని ఇరేనాకు ఇంగ్లీషులో సవివరంగా బోధిస్తుంటే, ఆమె ఉప్మా వైపు చూస్తూ ఒకే మాట అడిగింది. “మా ఊళ్లోనూ దిగనివ్వలేదు. ఇక్కడ కూడానా?”

మా నాయనమ్మ, మేం అవ్వ అంటాం, పొయ్యి దగ్గర నుంచి అడిగింది. “ఏమంటున్నదిరా పోరి?”

“బాయిల దిగుతదంట అవ్వా.”

“దిగితే ఏమాయె? నేను దిగలేదా? ఇల్లెందుల మీ తాత తవ్వుతే నేను నెత్తిన మోసుకచ్చిన. కడుపుల మీ నాయిన ఉండంగ గూడ మోసిన. గప్పుడు లేని కానూను గిప్పుడు యాడికెల్లి వచ్చింది?”

బావ టోపీ సర్దుకుంటూ అన్నాడు. “అవ్వా, నువ్వు ఆ ముచ్చట దానికి చెప్పకు. బాయిల ఆడమనిషి కనవడ్డదంటే రేపు నా సర్దారీ పోతది. మల్ల తట్ట వట్టుడే. ఏయ్ బామ్మర్దీ, నువ్వు తర్జుమా చెయ్యకు.”

నేను అప్పటికే తర్జుమా చేసేశాను. తట్ట మోసిన భాగం వరకే. సర్దారీ భాగం చెప్పేలోపు బస్సు హారన్ కొట్టింది.

గని నోటి దగ్గర, గనిని కాచే దేవత మైసమ్మ గద్దె ఉంటుంది. దిగేవాళ్లెవరైనా ఒక దండం పెట్టి దిగుతారు. టోపీలూ దీపాలూ ఇచ్చే ల్యాంపురూము దాని పక్కనే. మామూలుగా జరిగేదేమిటంటే, ప్రతివాడూ కిటికీ దగ్గర తన పేరు చెప్పి నంబరున్న ఇత్తడి బిళ్ళ తీసుకుని దిగుతాడు, ఎక్కాక తన చేత్తో ఇచ్చేస్తాడు. బోర్డు మీద మేకు ఖాళీగా ఉందంటే మనిషి లోపల ఉన్నట్టు. షిఫ్టు అయిపోయాక కూడా మేకు ఖాళీగా ఉంటే, ఆ ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలగదు. కానీ ఆ రోజు వచ్చింది పని మనుషులు కాదు, చుట్టాలు.

“చుట్టాలు కిటికి కాడ లైన్ల నిలవడుడేంది, మర్యాద గాదు,” అన్నాడు బావ. అవ్వ తెచ్చిన మంగళహారతి పళ్లెంలో తమలపాకుల మీద ఎనిమిది బిళ్ళలూ పేర్చాడు. కొబ్బరికాయ కొట్టి, మా ఎనిమిది మంది కుర్రాళ్లకూ బొట్టు పెట్టి, అవ్వ చేతుల మీదుగా తలా ఒక బిళ్ళ ఇప్పించాడు. ఏ నంబరు ఎవరికి వెళ్లిందో ఎవరూ రాసుకోలేదు. పెళ్లిలో తాంబూలం రాసుకోం కదా. సిలోన్ కుర్రాడు బిళ్ళను కళ్లకద్దుకున్నాడు. ఆడపిల్లలు గద్దె వెనక నీడలో కూర్చున్నారు. మేం టోపీలు, దీపాలు తగిలించుకుంటున్న సమయంలో ఖాజా భాయ్ మా సామాన్లు సాయంత్రం రైలుకు బుక్ చేయడానికి బస్సు తీసుకుని స్టేషన్‌కు బయలుదేరాడు. బావ మా టోపీలు లెక్కపెట్టాడు, ఎనిమిది. దిగాం.

దిగడమంటే లిఫ్టులో కాదు, ఏటవాలు దారిలో నడిచి. వందడుగులు పోయాక వెనక ఉన్న పగలు అణా బిళ్ళంత అవుతుంది, ఇంకో వందడుగులకు అదీ ఉండదు. లోపల మనుషులకు ముఖాలుండవు, నుదుటి మీద వెలుతురు మాత్రం ఉంటుంది. అది మీ కళ్లలో పడుతుంది కాబట్టి ఎదుటివాడెవడో తెలియదు. నా ముందు నడుస్తున్న సన్నటి ఆకారం పదమ్ అనుకున్నాను. మూసిన చోట ఊపిరాడనివాడు ఇంత నిబ్బరంగా నడుస్తున్నాడేమిటని మెచ్చుకుని, రెండు మూడు జోకులు కూడా వేశాను. జవాబు లేదు. ఒకచోట ఎడమవైపు ఇంకో సొరంగం చీలింది. దానికి రెండు కట్టెలు అడ్డంగా కట్టి ఉన్నాయి.

“అది పాత దిక్కు,” అని బావ దీపం అటు తిప్పాడు. “బొగ్గు తీసినంక దుంగలు గుంజేసినం. కప్పు ఎప్పుడు కూల్తదో మైసమ్మకే ఎరుక. అటు ఎవ్వలు పోవద్దు.”

నేను తర్జుమా చేశాను. నా ముందున్న ఆకారం మాత్రం ఆ మూల దగ్గరే ఆగి, బొగ్గు గోడను అరచేత్తో తడుముతూ నిలబడింది. ఇంతలో బొగ్గు టబ్బులను లాగే తాడు కదిలింది, అవి వస్తున్నాయని ఎవరో కేకేశారు. మేం అటు కొందరం, ఇటు కొందరం గోడలకు అంటుకున్నాం. టబ్బులు వెళ్లాక చూస్తే రెండు గుంపులమయ్యాం. ముందు గుంపును ఒక కార్మికుడు పైకి తీసుకెళ్లాడు. నేను బావతో వెనక గుంపులో ఎక్కాను.

పైన చాయ్, సమోసాలు. సూర్యుడు ఇంత మంచివాడని అంతకుముందు నాకు తెలియదు. ల్యాంపురూము కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి ఊగింది.

“సర్దార్ సాబ్, ఏడే ఉన్నయ్.”

“మల్ల చూడు.”

“రెండుమాట్ల చూసిన. ఎనిమిదో నంబరు మేకు కాలీ ఉన్నది.”

సమోసా నా చేతిలో ఉండగానే అందరం చుట్టూ చూశాం. సిలోన్ కుర్రాళ్లున్నారు, పోలండ్ కుర్రాళ్లున్నారు, మేమున్నాం. ఆడపిల్లలను ఎవరూ లెక్కపెట్టలేదు, వాళ్లు దిగలేదు కదా. పదమ్ లేడు. ముందు గుంపులో వచ్చిన వాళ్లను అడిగితే, వెనక గుంపులో ఉన్నాడనుకున్నామన్నారు. మేం ముందు గుంపులో ఉన్నాడనుకున్నాం. బావ ముఖం మీది మసి కిందనుంచి తెల్లబడటం నేను చూశాను.

ఓవర్‌మెన్ నర్సింగరావు సారు వచ్చారు. బావకు పైన ఆయనే. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. “ఆఖరుకు ఎవ్వలు చూసిన్రు?”

ఇక్కడ నోరు మూసుకుని ఉంటే ఈ కథ సగం లేదు. కానీ ప్రశ్న విన్నాక జవాబు చెప్పకుండా ఉండటం నా జాతకంలో లేదు. “నేను సార్,” అన్నాను. “పాత దిక్కు దగ్గర, అడ్డం కట్టెల పక్కన ఆగాడు. గోడ తడుముతున్నాడు.”

పాత దిక్కు అన్న మాట నోట్లోంచి బయటికి వచ్చాక గానీ అది ఎంత బరువైందో నాకు తెలియలేదు. సారు సైరన్ వేయమన్నారు. బావ మళ్లీ దీపం తగిలించుకున్నాడు.

“షిఫ్టు దిగినోనివి, నువ్వెందుకు? ఇంకో సర్దార్‌ను పంపుత,” అన్నారు సారు.

“చుట్టాన్ని తోలుకపోయింది నేను సార్. నేనే తెస్త.” నలుగురిని వెంటబెట్టుకుని మైసమ్మకు దండం పెట్టి దిగాడు. నా వైపు తిరిగి, “ఇంటికి ఉరుకు, ఆ పిలగాడు గిట్ట అటు వచ్చిండేమో చూడు,” అన్నాడు. “అక్కకు మాత్రం చెప్పకు.”

అక్కకు చెప్పాల్సిన పనిలేదు. సైరన్ కూతకు కాలనీలో ప్రతి తలుపులోంచి ఒక ఆడమనిషి బయటికి వచ్చి నిలబడి ఉంది. అందరూ గని వైపే చూస్తున్నారు. గని దగ్గర ఎవరిదో సైకిల్ అడిగి తొక్కుకొచ్చిన నన్ను చూసి అక్క అడిగింది. “మీ బావ పైకొచ్చిండా?” వచ్చాడని చెప్పాను. అది అబద్ధం కాదు.

ఇంటి వెనక నీళ్ల తొట్టి దగ్గర ఇరేనా కూర్చుని ఉంది. అవ్వ ఆమె తల వంచి, గుడ్డముక్కతో చెవులు తోముతోంది. తొట్టి పక్కన నీళ్లు నల్లగా పారుతున్నాయి.

“రా బిడ్డా,” అంది అవ్వ తల ఎత్తకుండా. “ఈ పోరి బయటి దుమ్ము అని చెప్తున్నది. బయటి దుమ్ము మొఖానికి పడ్తది. చెవుల సందుల్లకు పోయేటిది లోపటిదే. నాకెరుకలేదా?”

నేను ఇరేనా వైపు చూశాను. ఆమె జేబులోంచి బిళ్ళ తీసి అరచేతిలో చూపించింది. ఎనిమిది.

నేను ఎలా అడిగానో, ఏ భాషలో అడిగానో తెలియదు. ఆమె చెప్పింది మాత్రం స్పష్టంగా గుర్తుంది. పదమ్ గని నోరు చూసి వణికిపోయాడు. అందరి ముందూ చెప్పడానికి సిగ్గుపడ్డాడు. గద్దె వెనక టోపీ, దీపం, బిళ్ళ ఆమెకిచ్చి, ఖాజా భాయ్ బస్సులో సామాన్లతో పాటు స్టేషన్‌కు వెళ్లాడు. ముందు గుంపుతో పైకి వచ్చాక, కిటికీ దగ్గరికి వెళ్తే పట్టుబడతానని ఆమె వెనక దారిన ఇల్లు చేరింది. టోపీ, దీపం గద్దె వెనకే పెట్టింది. బిళ్ళ జేబులో మర్చిపోయింది. మేకు సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన తర్జుమాదారు ఆ సమయంలో జోకులు వేస్తున్నాడు.

“సైరన్ ఎందుకు?” అని అడిగింది.

చెప్పాను. ఆమె లేచి నిలబడింది, తల నుంచి నీళ్లు కారుతుండగానే. “నేను వెళ్లి చెబుతాను. దిగింది నేనేనని చెబుతాను.”

అవ్వకు ఆ మాట తెలుగులో చెప్పక్కర్లేకపోయింది. “ఆగు. నువ్వు చెప్తే నువ్వు రైలెక్కి పోతవ్. ఆడమనిషిని దింపినోడు సర్దారేనాయె, వాని గతేంది?” అని, బిళ్ళ తీసుకుని చీర కొంగుతో తుడిచింది. పొద్దుటి పళ్లెం అరుగు మీదే ఉంది, ఆకులు వాడిపోయి, కుంకుమ చెదిరిపోయి. “ముందుగాల లోపలున్నోళ్లు పైకి రావాలె. మిగిలిన ముచ్చట తర్వాత. నడువ్, సైకిల్ తియ్యి.”

వెనక క్యారేజీ మీద అవ్వ, ఆమె ఒళ్లో పళ్లెం, ముందు రాడ్డు మీద పోలండ్. తలకు నా తువ్వాలు చుట్టుకుని ఇరేనా హ్యాండిల్ పట్టుకుని కూర్చుంది. అంతర్జాతీయ స్నేహానికి అంతకంటే బరువైన రూపం నేను తర్వాత ఏ దేశంలోనూ మోయలేదు.

గని దగ్గర జనం మూగారు. అవ్వ తిన్నగా ఓవర్‌మెన్ సారు ముందుకు వెళ్లి తమలపాకు ఎత్తింది. “సారూ, మీ బిళ్ళ. ఆకుల కిందనే ఉండె. ఎవ్వలు తీసుకోలె. ఆ పిలగాడు దిగనేలేదు, భయపడి బస్సుల టేషన్‌కు వోయిండంట. ఈ పిల్ల చూసింది. మావోళ్లను పిలువుండ్రి.”

సారు బిళ్ళను తీసి రెండు వైపులా చూశారు. “ఎనిమిది టోపీలు దిగినయని సర్దారే చెప్పిండు గదమ్మా.”

“వానికి కండ్లు మసకలు.”

సారు ఆఫీసులోంచి స్టేషన్‌కు ఫోన్ చేయించారు. బస్సు బయలుదేరి చాలాసేపయిందన్నారు. లోపల ఎవరున్నారో చూడలేదన్నారు. సారు బిళ్ళను గుప్పిట్లో పట్టుకున్నారు, మేకుకు మాత్రం తగిలించలేదు. “బిళ్ళ దొరికితే మనిషి దొరికినట్టు గాదు. నేనిప్పుడు ఎనుకకు పిలిచి, ఆ పిలగాడు లోపలనే ఉంటే? కండ్లవడేదాక పిలువ.”

ఆయన తప్పు కాదది. అబద్ధం మాది, జాగ్రత్త ఆయనది. ఇరేనా నా చొక్కా పట్టుకుని, “చెప్పనా?” అంది. నేను అవ్వ వైపు చూశాను. అవ్వ రోడ్డు వైపు చూస్తోంది. రోడ్డు మీద బస్సు లేదు.

అప్పుడు వచ్చింది గాలి. చప్పుడు కూడా సరిగా వినబడలేదు, పాదాలకు మాత్రం తెలిసింది. గని నోట్లోంచి వెచ్చటి దుమ్ము గాలి ఒక్కసారి తోసుకొచ్చి మైసమ్మ ముందు దీపం ఆరిపోయింది. పాత దిక్కు కూలింది. జనంలో వెనకెక్కడో మా అక్క గొంతు ఒక్కసారి లేచి ఆగిపోయింది. ఇరేనా ఇక నన్ను అడగలేదు, సారు వైపు రెండడుగులు వేసింది.

సరిగ్గా అప్పుడే బస్సు హారన్. ఖాజా భాయ్ దిగుతూనే మొదలుపెట్టాడు. “రైలు గేటు కాడ గంట నిలవెట్టిండు బద్మాష్. ఏమైంది? సైరన్ ఎందుకు?” అతని వెనక, తెల్లటి చొక్కా నలగకుండా, చేతిలో మిర్చీ బజ్జీల పొట్లంతో పదమ్ దిగాడు.

సారు వెళ్లి పదమ్ భుజం పట్టుకున్నారు, మనిషేనా అని చూసుకుంటున్నట్టు. “ఈ పిలగాడు ఎప్పటి సంది నీతోని ఉన్నడు?”

“పొద్దటి సంది సార్. నా పక్కనే కూసున్నడు. నా బజ్జీలన్నీ తిన్నడు.”

సారు తిరిగి చెయ్యెత్తారు. లోపలికి గంట కొట్టారు, వెనక్కి రమ్మని. ఆ గంట మోగాక గడిచిన సమయం ఎంతో నన్నడగొద్దు. గడియారం చూసేంత తెలివి ఎవరికీ లేదు. మొదట ఒక దీపం కనిపించింది. రెండు. ఆ వెనక ఒకటి. నాలుగు. మా అక్క ముందుకు వచ్చి గద్దెను పట్టుకుని నిలబడింది. ఐదో దీపం చాలా వెనక, తీరిగ్గా, అలవాటుగా అటూ ఇటూ ఊగుతూ వచ్చింది.

“కట్టెలు దాటలేదు,” అన్నాడు బావ, నోట్లో దుమ్ము ఉమ్మేసి. “ముందుగాల ఒక దుంగ నిలవెట్టుకొని పోదామని ఆగినం. అంతల అవుతల కూలింది. పిలగాడు?”

సారు పదమ్‌ను చూపించారు. బావ వాడి తెల్లటి చొక్కాను పైనుంచి కిందికి చూశాడు. తర్వాత ఆయన చూపు నెమ్మదిగా జనం మీదుగా కదిలి, తువ్వాలు చుట్టుకున్న ఇరేనా దగ్గర ఆగింది. సైకిల్ కుదుపుకు తువ్వాలు పక్కకు జరిగి ఉంది. ఒక చెవి కడిగి ఉంది. రెండోది కడగలేదు.

“ఎనిమిది లెక్కవెట్టిన అన్నవ్,” అన్నారు సారు.

బావ టోపీ తీసి దుమ్ము దులిపాడు.

సారు నా వైపు తిరిగారు. “నువ్వు సదువుకున్నోనివి. నీ ముందల నడిచిండు అన్నవ్, గోడ తడిమిండు అన్నవ్. ఈ పిలగాడు టేషన్‌ల ఉంటే, నీ ముందల నడిచిందెవ్వలు?”

అందరూ నన్నే చూస్తున్నారు. బావ మాత్రం నేల చూస్తున్నాడు. నా దగ్గర జవాబులకు కొదవ లేదు. నీడ అనవచ్చు, దయ్యం అనవచ్చు, మైసమ్మే నడిచిందని ఒక కథ అల్లవచ్చు. అన్నీ నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి. అవ్వ పళ్లెం అంచును గట్టిగా పట్టుకుంది.

చివరికి బావే అన్నాడు. “లెక్క తప్పిన సార్. ఏడుగురే దిగిన్రు.”

సారు గుప్పిట తెరిచారు. తర్వాత ఎనిమిదో బిళ్ళను తన చేత్తోనే మేకుకు తగిలించారు. “సర్దార్ లెక్క తప్పుడంటే మామూలు ముచ్చట గాదు. రేపు మేనేజర్ ముందట నిలవడాలె,” అన్నారు. వెళ్లబోతూ నా దగ్గర ఆగి, గొంతు తగ్గించారు. “ఆ పిల్లకు చెప్పు. ఇయ్యాల బయట దుమ్ము బాగ లేసింది, చెవులు కడుక్కొని రైలెక్కుమను.”

సాయంత్రం రామగుండం స్టేషన్‌కు బావ వచ్చాడు, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని. న్యూస్ పేపర్లో చుట్టిన చిన్న పొట్లం ఇరేనా చేతిలో పెట్టాడు. “ఊకె తడిమింది గాని తీసుకోలేదు. గదే గోడది, వాళ్ల నాయినకు ఇయ్యమను,” అన్నాడు నాతో. మూల దగ్గర గోడ తడిమింది ఎవరో ఆయనకు తెలుసని అప్పుడు మా ఇద్దరికీ అర్థమైంది. ఆమె తెచ్చిన పోలండ్ ముక్క ఆయనకిచ్చింది. ఆయన దాన్ని వేలితో గీకి, దీపానికి పట్టి చూసి, “మంచి బొగ్గే,” అని జేబులో వేసుకున్నాడు.

ఆ తర్వాత ఢిల్లీ, రక్సౌల్, మంచుకొండలు, పదమ్ వాళ్ల ఊళ్లో మొక్కజొన్న రొట్టెలు, అన్నీ జరిగాయి. యువజన మార్పిడి వల్ల ఏం మారిందని వచ్చాక చాలామంది అడిగారు. ఏం మారిందో తెలియదు గానీ, ఒక బొగ్గుముక్క అటు వెళ్లింది, ఒకటి ఇటు వచ్చి అవ్వ పూజ అలమారులో పసుపు పూయించుకుంటోంది. రెండూ నలుపే, చేతికి అంటుకునే మసి కూడా ఒకటే. బావకు గట్టి చీవాట్లతో సరిపోయింది. ఆ తర్వాత బాయి పని తనంత తానే మానేసి, ఇప్పుడు మంచిర్యాలలో సైకిల్ షాపు పెట్టుకున్నాడు. సారు రిటైరై సొంతూరు వెళ్లిపోయారు. కాబట్టే ఇది రాయగలుగుతున్నాను. గని చూడబోయేవారికి ఒక్క సలహా: బిళ్ళను ఎంత మర్యాదగా ఇచ్చినా కానుక అనుకోకండి. మీ పేరు చెప్పి మీ చేత్తో తీసుకోండి, ఎక్కగానే చాయ్ కంటే ముందు మీ చేత్తోనే ఇచ్చేయండి.

ఇక ఒప్పుకోలు. ఆ రోజు నేనేం చేశానని ఖాట్మండూ దాకా అందరూ అడిగారు. ఒక్కొక్క ఊళ్లో ఒక్కొక్కటి చెప్పాను. ఒకచోట గనిలోకి దూకి బావను భుజాన వేసుకుని కూడా వచ్చాను. అవేవీ జరగలేదు. ఉపాయం అవ్వది, నింద మోసింది బావ, చూసీ చూడనట్టు వదిలేసింది సారు. ప్రశ్న నా ముందుకు వచ్చినప్పుడు నేను నిజంగా చేసింది ఒక్కటే, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి.

నోరు మూసుకున్నాను.